ట్రైన్‌లో ఎవరినో "మీ దేశం పో" అని తిడుతుంటే, వీసా మీద ఉన్న మనం ఏం చేయగలం?

తమ్ముడూ, కింద చదివేవాళ్ల కోసం ముందు నీ ప్రశ్నని కుదించి రాస్తున్నా. న్యూజెర్సీలోని న్యూఆర్క్ నుంచి న్యూయార్క్‌లోని వరల్డ్ ట్రేడ్ సెంటర్ వెళ్లే పాత్ ట్రైన్‌లో ఒకడు ఎదురుగా కూర్చున్న చైనీస్ పెద్దావిడ మీదకి వంగి, రోగాలు తెచ్చింది మీరే, మీ దేశం పో అని అరిచాడు. బోగీ నిండా జనం, ఒక్కరూ నోరు మెదపలేదు, నువ్వూ ఫోన్ చూస్తూ ఉండిపోయావు. రూమ్‌కి వచ్చి చెప్తే "వాళ్లు చైనావాళ్లు, మనం ఇండియన్స్, పైగా హెచ్1బి మీద ఉన్నాం, కందకి లేని దురద కత్తిపీటకెందుకు" అన్నారట. ఇలాంటిది మళ్లీ జరిగితే ఏం చేయాలి, వీసాకి ఏమైనా అవుతుందా, అసలు మనం ఇందులో తలదూర్చాలా అని అడిగావు. "అక్కా, అన్నా, ఎవరైనా చెప్పండి" అన్నావు కాబట్టి అక్కలాగే చనువుగా రాస్తున్నా.

నా సంగతి రెండు ముక్కల్లో. చాలా ఏళ్లుగా న్యూజెర్సీలో ఉంటున్నా. 2021లో అట్లాంటాలో ఆసియా స్త్రీలని బలిగొన్న కాల్పుల తర్వాత నుంచి, ఇలాంటి సమయంలో పక్కనున్నవాళ్లు ఏం చేయాలో నేర్పే క్లాసుల్లో వలంటీర్‌గా పనిచేస్తున్నా, గుడి హాల్లోనూ లైబ్రరీల్లోనూ, ఎక్కువగా మన తెలుగువాళ్లకీ గుజరాతీలకీ. లాయర్‌ని కాదు, వీసా గురించి కింద రాసింది ఆ లెక్కలోనే చదువు.

అసలు జవాబు చిన్నదే. వాడి జోలికి వెళ్లకు, ఆవిడ దగ్గరికి వెళ్లు. నీ రూమ్మేట్లు భయపడుతున్నది "ఎదిరించడం" గురించి, సినిమాలో హీరో లేచి కాలర్ పట్టుకున్నట్టు ఊహించుకుని. ఆ పని నీకెవరూ చెప్పట్లేదు, చెప్పినా నేను వద్దంటాను. అరిచేవాడితో వాదన పెట్టుకుంటే గోటితో పోయేది గొడ్డలిదాకా వస్తుంది, ఆ గొడ్డలి దెబ్బ నీకంటే ముందు ఆ పెద్దావిడకే తగలొచ్చు. నువ్వు స్టేషన్‌లో దిగిపోతావు, ఇంకా రెచ్చిపోయి ఉన్న వాడితో ఆవిడ అదే బోగీలో ఉండాలి.

ఇక్కడ రైట్ టు బి అనే సంస్థ ఉంది, 2022 వరకు దాని పేరు హొల్లబ్యాక్. ఏషియన్ అమెరికన్స్ అడ్వాన్సింగ్ జస్టిస్ అనే సంస్థ వాళ్లతో కలిసి కరోనా టైమ్‌లో చాలా పెద్ద సంఖ్యలో జనానికి ఆన్‌లైన్‌లో, పక్కనున్నవాళ్లు ఏం చేయాలో నేర్పే ట్రైనింగ్ ఇచ్చారు. వాళ్లు ఐదు పద్ధతులు చెప్తారు: దృష్టి మళ్లించడం, ఇంకొకరి సాయం తీసుకోవడం, రికార్డ్ చేయడం, అయిపోయాక పలకరించడం, నేరుగా మాట్లాడడం. ఐదూ ఒకేలా ఉపయోగపడవు. నా మటుకు మొదటిదీ నాలుగోదీ వందలో తొంభైసార్లు చాలు, నేరుగా మాట్లాడడం మాత్రం చిట్టచివరికి, అదీ నీ ప్రాణానికి ఢోకా లేదని నమ్మకం ఉంటేనే.

దృష్టి మళ్లించడం అంటే ఏంటో మా క్లాసులో జరిగింది చెప్తే తేలిగ్గా తెలుస్తుంది. గుడి హాల్లో కుర్చీలు రెండు వరసలు ఎదురెదురుగా వేసి అదే ట్రైన్ అనుకుంటాం. అరిచేవాడి వేషం ఒక రిటైర్డ్ అంకుల్ వేశారు, నాటకాల అనుభవం ఉన్న మనిషి, గొంతు హాలంతా మోగిపోతోంది. ముందు వచ్చిన కుర్రాళ్లందరూ ఆయన ముందుకెళ్లి "దిస్ ఈజ్ నాట్ ఓకే సర్" అంటూ మొదలుపెట్టడం, ఆయన వీళ్ల మీదకి తిరగడం, ఇద్దరి గొంతులూ లేవడం. తర్వాత మనవడిని చూసుకోవడానికి తెనాలి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ వంతు వచ్చింది. ఇంగ్లీషు నాలుగు ముక్కలకి మించి రాదు. మేం చెప్పిన డైలాగులు ఒక్కటీ వాడలేదు. తిన్నగా వెళ్లి తిట్లు తింటున్న అమ్మాయి పక్కన కూర్చుని, సంచిలోంచి మంచినీళ్ల సీసా తీసి చేతిలో పెట్టి, "వాట్ టైమ్ అమ్మా?" అని అడిగారు, చేతికి వాచీ ఉంచుకుని మరీ. ఆ అమ్మాయి టైమ్ చెప్పింది. ఈవిడ ఇంకేదో అడిగారు, ఆ అమ్మాయి ఇంకేదో చెప్పింది. అంకుల్ చూపుడువేలు అలాగే గాల్లో ఉండిపోయింది. "నన్ను చూసేవాళ్లే లేకపోయేసరికి నా డైలాగ్ మర్చిపోయానమ్మా" అన్నారు తర్వాత. అందరం నవ్వాం కానీ, కిటుకంతా అక్కడే ఉంది. అరిచేవాడికి కావలసింది ఒక భయపడే ముఖం, చూసే జనం. ఆ ముఖాన్ని నీవైపు తిప్పుకుంటే సగం పని అయిపోయినట్టే.

కాబట్టి నీ పాత్ ట్రైన్‌లో అయితే ఇలా. లేచి ఆవిడకీ వాడికీ మధ్య అడ్డంగా నిలబడనక్కర్లేదు, ఆవిడ పక్క సీటు ఖాళీ ఉంటే కూర్చో, లేకపోతే పక్కన రాడ్ పట్టుకుని నిలబడు, వాడికి వీపు పూర్తిగా పెట్టకుండా కాస్త పక్కకి తిరిగి. "ఎక్స్‌క్యూజ్ మీ, ఈ ట్రైన్ జర్నల్ స్క్వేర్‌లో ఆగుతుందా?" అని అడుగు. తెలిసిన ప్రశ్నే, అయినా అడుగు. ఆవిడకి ఇంగ్లీషు రాకపోతే ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ తీసి "మీ పక్కన కూర్చోవచ్చా? నేను మీతో ఉంటాను" అని రాసి చూపించు. చైనీస్ అయితే మాట్లాడేది మాండరిన్ అయినా కాంటోనీస్ అయినా చదివేది దాదాపు ఒకటే కాబట్టి వినిపించేకంటే రాసి చూపించడమే నయం. వాడి వైపు చూడకు, వాడి మాటకి జవాబు ఇవ్వకు, నవ్వకు కూడా. హారిసన్ దాటాక జర్నల్ స్క్వేర్ వచ్చేదాకా మధ్యలో స్టేషన్ లేదు, ఆ కాసేపే కష్టం. స్టేషన్ రాగానే "నాతో వస్తారా, పక్క బోగీలోకి మారదాం" అని సైగ చేసి దిగి మారిపోవచ్చు. ఎమర్జెన్సీ బ్రేక్ మాత్రం లాగకు, ట్రైన్ మధ్యలో ఆగిపోతే వాడితో పాటు అందరూ అందులోనే ఇరుక్కుంటారు, పోలీసులు రావడానికి కూడా ఆలస్యం.

ఒంటరిగా ధైర్యం రాకపోతే అదేం సిగ్గుపడాల్సిన విషయం కాదు. 1968లో డార్లీ, లతానే అనే ఇద్దరు సైకాలజిస్టులు న్యూయార్క్‌లో చేసిన ప్రయోగం ఉంది. పక్క గదిలో ఎవరికో ఫిట్స్ వచ్చినట్టు వినిపిస్తే, తను ఒక్కడే వింటున్నాననుకున్నవాళ్లలో 85 శాతం మంది సాయానికి లేచారు, ఇంకో నలుగురు కూడా వింటున్నారని అనుకున్నవాళ్లలో 31 శాతమే. ఎవరో ఒకరు చూసుకుంటారులే అని అందరూ అనుకోవడం వల్లే బోగీ అంత నిశ్శబ్దం. అయితే జనం ఎప్పుడూ ఇంతే అని కూడా అనుకోకు. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో ఇంగ్లాండ్, నెదర్లాండ్స్, దక్షిణాఫ్రికా నగరాల్లో సీసీటీవీకి చిక్కిన 219 గొడవలు చూస్తే, పదింట తొమ్మిది చోట్ల కనీసం ఒక్కరైనా కల్పించుకున్నారు. జనం ఎక్కువ ఉన్నచోటే ఎవరో ఒకరు కదిలే అవకాశం కూడా ఎక్కువట. మొదటివాడు కదలడమే ఆలస్యం, అంతే. అందుకే నువ్వు చేయగలిగిన ఇంకో పని: నీ పక్కనున్న ఒక్కరిని, ఒక్కరినే, పట్టుకుని చెప్పు. "మీరు ఎర్ర జాకెట్, మీరు 911కి ఫోన్ చేయండి, నేను ఆవిడ పక్కన కూర్చుంటా." "ఎవరైనా ఫోన్ చేయండి" అంటే ఎవరూ చేయరు, వేలు చూపించి చెప్తే చేస్తారు. బోగీలో సిబ్బందితో మాట్లాడే ఇంటర్‌కమ్ ఉంటుంది, అది కూడా ఇంకొకరికి అప్పగించొచ్చు.

రికార్డింగ్ సంగతి జాగ్రత్త. ముందు ఎవరైనా సాయం చేస్తున్నారా చూడు. ఎవరూ లేకపోతే ఫోన్ పక్కన పెట్టి నువ్వే వెళ్లు, ఇంకొకరు వెళ్లి కూర్చుంటే అప్పుడు తియ్యి. తీసేటప్పుడు స్టేషన్ పేరు, టైమ్ నోటితో చెప్పు. తీసిన వీడియో ఆవిడది, నీది కాదు, ఆవిడ చేతికి పంపి ఊరుకో. మనవాళ్లకి ఇక్కడ చెయ్యి ఆగదు, ఆవిడ ముఖం కనిపిస్తూ పది వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేస్తారు, "షేర్ చేయండి" అని. ఎనభై ఏళ్ల మనిషి అవమానపడుతున్న వీడియోని ఆవిడ మనవలు ఇంకెవరి ఫోన్‌లోనో చూడాల్సి రావడం ఎంత ఘోరమో ఒక్క నిమిషం ఆలోచించు.

అయిపోయాక పలకరించడం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, నాకు మాత్రం అన్నిటికంటే విలువైనది అదే అనిపిస్తుంది. మా క్లాసులకి వచ్చి తమకి జరిగింది చెప్పుకున్నవాళ్లలో దాదాపు ప్రతి ఒక్కరూ తిట్టినవాడి గురించి రెండు మాటలు చెప్పి, చూస్తూ ఊరుకున్నవాళ్ల గురించి చాలాసేపు చెప్తారు. ఒక ఫిలిప్పీన్స్ నర్సు గారు, రాత్రి డ్యూటీ అయి బస్సులో వెళ్తుంటే ఒకడు పక్క సీట్లోకి వచ్చి మాస్క్ లాగాడట. మాస్క్ లాగినవాడు ఎలా ఉంటాడో గుర్తులేదు కానీ, ఎదురు సీట్లో తన కళ్లలోకి చూసి మళ్లీ పుస్తకంలోకి తల దించేసుకున్న మనిషి ముఖం గుర్తుందన్నారు. అదే బస్సులో దిగేముందు ఒక కాలేజీ కుర్రాడు వచ్చి "నేను చూశాను, అది తప్పు, మీరు ఏ స్టాప్‌లో దిగుతారు, అక్కడిదాకా ఉంటాను" అన్నాడట. అంతే చేశాడు. ఆ కుర్రాడి షూస్ రంగు కూడా చెప్పారావిడ. అందుకే, ఆ క్షణంలో నువ్వు బిగుసుకుపోయినా పని అయిపోలేదు. తర్వాత వెళ్లి "ఆర్ యూ ఓకే? మీకోసం ఎవరికైనా ఫోన్ చేయనా?" అని అడగొచ్చు. దిగే స్టేషన్‌లో మెట్లదాకా నడవొచ్చు. పోలీసుకి చెప్పాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం, మనం తొందరపెట్టకూడదు. చెప్తానంటే పక్కనుండు, నేను చూశానని నీ నంబర్ రాసి ఇవ్వు.

ఇప్పుడు వీసా. సాక్షిగా ఉండడం, 911కి ఫోన్ చేయడం, పోలీసుకి చూసింది చెప్పడం, ఇవేవీ హెచ్1బి గానీ ఎఫ్1 గానీ షరతులకి విరుద్ధం కావు. నీకు అసలు ప్రమాదం ఎక్కడంటే నువ్వు చెయ్యి చేసుకున్నప్పుడు. తోపులాటలో నిన్ను కూడా అరెస్టు చేస్తే, తర్వాత కేసు కొట్టేసినా సరే, స్టాంపింగ్‌కి వెళ్లినప్పుడు డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యావా అన్న ప్రశ్నకి అవుననే రాయాలి, అరెస్టు రికార్డు చూసి కాన్సులేట్ వాళ్లు ఉన్న వీసా రద్దు చేసిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే నేను ముందునుంచీ ఆవిడ పక్కన కూర్చోమంటున్నది. నీతిగా చూసినా వీసా పరంగా చూసినా ఒకే సలహా అవ్వడం అదృష్టం. ఈ మధ్య ఇమిగ్రేషన్ విషయాల్లో అందరికీ టెన్షన్‌గానే ఉంది, నీ కేసులో ఏదైనా పాత చిక్కు ఉంటే మాత్రం నాలాంటివాళ్లని కాదు, లాయర్‌ని అడుగు.

ఒకటి తెలుసుకుని ఉండు: ఈ దేశంలో ఎంత నీచంగా తిట్టినా ఉత్త తిట్టు చాలాసార్లు నేరం కాదు, వాక్ స్వాతంత్ర్యం కింద పోతుంది. చంపుతాననడం, ముట్టుకోవడం, ఉమ్మడం, వెంటపడడం, దారికి అడ్డం నిలబడడం, ఇవి వేరు. దాడి చేస్తూ జాతి పేరెత్తి తిడితే అదే తిట్టు ద్వేష నేరానికి సాక్ష్యం అవుతుంది. అందుకని "ఏదో తిట్టాడు" అని కాకుండా, వాడు అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు, బూతులతో సహా, ఫోన్‌లో నోట్ చేసుకో. మనవాళ్లు పోలీసు ముందు బూతు మాట చెప్పడానికి మొహమాటపడి "బ్యాడ్ వర్డ్స్" అంటారు, కేసు అక్కడే నీరుగారిపోతుంది. నేరం కాకపోయినా నమోదు చేయించొచ్చు, న్యూజెర్సీలో అటార్నీ జనరల్ ఆఫీసు బయాస్ సంఘటనల ఫిర్యాదులు తీసుకుంటుంది. ఆసియా, పసిఫిక్ దీవుల మూలాలున్నవాళ్ల మీద ద్వేష ఘటనల ఫిర్యాదులు తీసుకునే స్టాప్ ఏఏపీఐ హేట్ అని 2020 మార్చిలో మొదలైన సంస్థ ఉంది, దాన్ని మొదలుపెట్టినవాళ్లలో మంజూష కులకర్ణి గారు మన భారతీయ మూలాలున్న ఆవిడే. మొదటి రెండేళ్లలో వాళ్లకి దగ్గర దగ్గర 11,500 ఫిర్యాదులొచ్చాయి, అందులో మూడింట రెండొంతులు తిట్లూ సైగల్లాంటి వేధింపులే. అప్పటిదాకా పోగైన లెక్కలు లేకపోతే 2021 మేలో కోవిడ్-19 హేట్ క్రైమ్స్ చట్టం అంత తొందరగా వచ్చేది కాదు. సెనేట్‌లో 94 మంది అవునన్నారు, ఒక్కరు కాదన్నారు. రెండు పార్టీలవాళ్లూ ఈ రోజుల్లో అలా కలిసిన సందర్భం వెతుక్కోవాల్సిందే.

ఇక మీ రూమ్మేట్ల మాట, "వాళ్లు చైనావాళ్లు, మనం ఇండియన్స్". తమ్ముడూ, నువ్వు ఆవిడని చైనీస్ అని రాశావు. నీకెలా తెలుసు? కొరియన్ కావచ్చు, వియత్నామీస్ కావచ్చు, నూరేళ్ల కింద వచ్చిన కుటుంబంలో ఇక్కడే పుట్టిన మనిషి కావచ్చు. నువ్వు ముఖం చూసి అనుకున్నావు, అరిచినవాడూ ముఖం చూసే అనుకున్నాడు. తప్పుపట్టడానికి కాదు, ఈ ద్వేషం ఎలా పనిచేస్తుందో చెప్పడానికి అంటున్నా. 1982లో డెట్రాయిట్‌లో విన్సెంట్ చిన్ అనే కుర్రాడిని, ఇంకొన్ని రోజుల్లో పెళ్లి ఉండగా, ఇద్దరు బేస్‌బాల్ బ్యాట్‌తో కొట్టి చంపారు. జపాన్ కార్లవల్ల అక్కడి కార్ల ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు పోతున్న కాలం అది. చిన్ చైనీస్. చంపినవాళ్లకి ఒక్కరోజు జైలు పడలేదు, మూడేళ్ల ప్రొబేషన్, 3,000 డాలర్ల జరిమానా. 2001 సెప్టెంబరు 11 తర్వాత నాలుగో రోజున అరిజోనాలో తన పెట్రోల్ బంకు ముందు నిలబడి ఉన్న బల్బీర్ సింగ్ సోధీని కాల్చినవాడు తలపాగా చూసి అరబ్బు అనుకున్నాడు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేథాలో మన శ్రీనివాస్ కూచిభొట్లని చంపినవాడు, తర్వాత ఇంకో ఊళ్లో బార్‌లో కూర్చుని ఇరానీలని కాల్చి వచ్చానని చెప్పాడు. వరసగా చూడు, ఒక్కడైనా సరైన దేశం పేరు చెప్పాడా? మీ రూమ్‌లో మీరు గీసుకున్న గీత మీ రూమ్ బయట ఎవరికీ కనిపించదు.

ఒలేథా సంగతి మన తెలుగువాళ్లకి గుండెలో ముల్లు. హైదరాబాద్ కుర్రాడు, గార్మిన్ అనే కంపెనీలో ఇంజినీరు, పని అయ్యాక స్నేహితుడు అలోక్ మాదసానితో బార్ అరుగుమీద కూర్చుని ఉండగా ఒకడు వచ్చి మీరు ఇక్కడ ఎందుకున్నారని మొదలుపెట్టాడు. బార్‌లో వాళ్లు వాడిని బయటికి పంపేశారు. వాడు తుపాకీతో తిరిగొచ్చాడు. ఇందులోంచి నేను క్లాసులో చెప్పేది ఒకటే, గొడవ పెట్టినవాడు వెళ్లిపోయాక కూడా ఆ చోట ఉండొద్దు, బాధితులని తీసుకుని వేరే చోటికి మారండి, ఇది తుపాకులున్న దేశం. శ్రీనివాస్ వాళ్లది తప్పని అనట్లేదు, వాళ్లకి ఎలా తెలుస్తుంది పాపం. ఆ రాత్రి వాడి వెంటపడి ఆపబోయి చేతిలోంచి ఛాతీలోకి బుల్లెట్ తిన్న తెల్ల కుర్రాడు ఇయాన్ గ్రిల్లట్, 24 ఏళ్లు, ఈ ఇద్దరితో చుట్టరికం లేదు, మతం ఒకటి కాదు. బతికి బయటపడ్డాడు. ఇల్లు కొనుక్కోమని హ్యూస్టన్‌లోని మన భారతీయులు లక్ష డాలర్లు చందా పోగేసి ఇచ్చారు. ఆ వార్త చూసి మనమంతా గర్వపడ్డాం, ఫార్వర్డ్ చేసుకున్నాం. ఆరోజు ఇయాన్ రూమ్మేట్లెవరైనా "వాళ్లు ఇండియన్స్, మనకెందుకురా" అని ఉంటే? ఇయాన్ లాగా బుల్లెట్‌కి ఎదురెళ్లమని ఎవరికీ చెప్పను, చెప్పకూడదు. ట్రైన్‌లో సీటు మారి కూర్చోమని మాత్రం ఖచ్చితంగా చెప్తా. శ్రీనివాస్ భార్య సునయన దుమాల గారు అంత దుఃఖంలోనూ ఫరెవర్ వెల్కమ్ అని సంస్థ పెట్టి, వలస వచ్చినవాళ్లనీ స్థానికులనీ ఒకరికొకరిని పరిచయం చేసే పనిలో పడ్డారు. ఆవిడకున్న కోపానికి కారణం ఉంది కదా, అయినా ఆ దారి పట్టారు.

ఈ రాష్ట్రంలోనే, నీ ట్రైన్ వెళ్లే దారిలోని జెర్సీ సిటీలో, 1987లో బొట్టు పెట్టుకునే ఆడవాళ్లని తరిమేస్తామని డాట్‌బస్టర్స్ అనే ముఠా పేపర్‌కి ఉత్తరం రాసింది. అదే ఏడాది పక్కనే హోబోకెన్‌లో నవ్‌రోజ్ మోడీ అనే భారతీయుడిని కుర్రాళ్ల గుంపు కొట్టి చంపింది. ఇప్పుడు జెర్సీ సిటీలో మన కొట్లుండే ఇండియా స్క్వేర్‌లో దోశ తింటూ ఎవరికీ గుర్తుండదు. 2022లో టెక్సస్‌లో, మన తెలుగువాళ్లు ఇంతమంది ఉన్న ప్లేనోలో, హోటల్ బయట పార్కింగ్‌లో నలుగురు భారతీయ ఆడవాళ్ల మీద ఒకావిడ చెయ్యి చేసుకుంది, అరెస్టయ్యింది. 2024 డిసెంబరులో హెచ్1బి గొడవ రేగిన దగ్గర్నుంచి ఆన్‌లైన్‌లో మన గురించి ఏం రాస్తున్నారో నీకు నేను చెప్పక్కర్లేదు. వంతులు మారుతుంటాయి, అంతే. పైగా మన వంతు వచ్చినప్పుడు మనకి అడ్డం నిలబడ్డవాళ్ల చరిత్ర కూడా పెద్దదే. 1869లో, చైనావాళ్లని రానివ్వొద్దని దేశమంతా గోల పెడుతున్నప్పుడు, బానిసత్వంలో పుట్టిన ఫ్రెడరిక్ డగ్లస్ బోస్టన్‌లో నిలబడి వాళ్లని రానివ్వాలని, ఓటు కూడా ఇవ్వాలని ఉపన్యాసం ఇచ్చాడు. ఆయన మాట వినలేదు, 1882లో చైనీస్ ఎక్స్‌క్లూజన్ చట్టం తెచ్చారు. ఆ తలుపు అక్కడితో ఆగిందా? 1917కల్లా మనకీ మూసేశారు.

ఇక్కడ ఒక చేదు మాట. దాడి వీడియో రాగానే మన గ్రూపుల్లో మొదట వచ్చే వ్యాఖ్య ఏంటో నీకు తెలుసు, "చూశారా, ఆ నల్లవాళ్లే". కొన్ని వీడియోల్లో కొట్టినవాడు నల్లవాడు, కొన్నిట్లో తెల్లవాడు, అట్లాంటాలో 2021 మార్చి 16న స్పాల్లో ఎనిమిది మందిని, వాళ్లలో ఆరుగురు ఆసియా స్త్రీలని, కాల్చి చంపింది తెల్ల కుర్రాడు. ఏషియన్ల మీద జాలి పేరుతో ఇంకో జాతిని తిట్టుకోవడానికి వస్తే మా క్లాసుకి రావొద్దని మొహం మీదే చెప్తాను. 2020లో గబ్బిలాల జోకులు ఫార్వర్డ్ చేసింది కూడా మన గ్రూపులే. ఆఫీసులో చైనీస్ కొలీగ్ లంచ్ బాక్స్ తెరిస్తే ముక్కు మూసుకునే మనం, మన పప్పు పోపు వాసనకి వాళ్లు మొహం చిట్లిస్తే రేసిజం అంటాం. నీ వయసువాళ్లు ఎక్కువగా హైదరాబాద్‌లో చదువుకునో పనిచేసో వచ్చినవాళ్లే. మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో సెలూన్లలో, రెస్టారెంట్లలో పనిచేసే మణిపూర్, నాగాలాండ్, మిజోరం పిల్లల్ని రోడ్డు మీద ఏమని పిలిచేవాళ్లో గుర్తుంది కదా. 2014లో ఢిల్లీలో అరుణాచల్ కుర్రాడు నిడో తానియాని జుట్టు గురించి వెక్కిరించి, కొట్టి, చనిపోయేలా చేశాక కేంద్రం ఈశాన్యం వాళ్ల సమస్యల మీద బెజ్‌బరువా కమిటీ వేసింది. 2020 మార్చిలో ఈశాన్యం వాళ్లని "కరోనా" అని పిలవకుండా చూడమని హోంశాఖ రాష్ట్రాలకి రాయాల్సి వచ్చింది. ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు నీ ఫ్రెండ్ ఎవడైనా ఆ మాట అంటే అక్కడే ఆపు. అక్కడ నీకు వీసా భయం లేదు, భాష కష్టం లేదు, పక్కనున్నది తెలిసినవాడే.

గొడవ జరిగే క్షణం ఒక్కటే కాదు, మామూలు రోజుల్లో చేసేవి కూడా ఉన్నాయి, అవి తేలిక. 2021లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్ చైనాటౌన్‌లో ముసలివాళ్ల మీద వరసగా దాడులు జరిగినప్పుడు ఒక కుర్రాడు, బయటికి వెళ్లడానికి భయపడేవాళ్లు చెప్పండి, నేను తోడు నడుస్తానని ఆన్‌లైన్‌లో రాశాడు. వందల మంది మేమూ వస్తామన్నారు, కంపాషన్ ఇన్ ఓక్లండ్ అని సంస్థే అయ్యింది. చేసింది కూరగాయల కొట్టుకి, బ్యాంకుకి పక్కన నడవడం. అదే ఏడాది మార్చిలో శాన్ ఫ్రాన్సిస్కోలో దెబ్బలు తిన్న ఒక చైనీస్ బామ్మకి వైద్యం ఖర్చులకని జనం దాదాపు పది లక్షల డాలర్లు పంపితే, ఆవిడ ఆ డబ్బు మొత్తం జాతి వివక్ష మీద పోరాటానికే ఇచ్చేస్తానందట. నీ అపార్ట్‌మెంట్‌లో, నీ టీమ్‌లో ఉన్నవాళ్లకి ఇలాంటి వార్త వచ్చిన రోజున ఒక మెసేజ్ పెట్టు, "వార్త చూశాను, ఎలా ఉన్నారు? రాత్రి ఆలస్యమైతే స్టేషన్ దాకా కలిసి వెళ్దాం" అని. పెద్ద మాటలు అక్కర్లేదు. "నువ్వు ఎలా ఫీలవుతున్నావో నాకు అర్థమైంది" అనకు, ఎలా ఫీలవుతున్నారో అడుగు, లేదా ఊరికే విను.

మన అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి ఉంటే ఒక జాగ్రత్త, ఇది నీ ప్రశ్నలో లేదు కానీ చెప్తున్నా. పార్కులో ఎవరైనా తిడితే జవాబు చెప్పకుండా జనం ఉన్న కొట్టులోకి వెళ్లమని చెప్పు. 911కి చేసి ముందు ఊరు, వీధి పేరు, తర్వాత "తెలుగు, తెలుగు ఇంటర్‌ప్రెటర్" అంటే చాలా చోట్ల ఫోన్‌లో మనిషిని కలుపుతారు, ఆ రెండు మాటలూ ఇంట్లో రెండుసార్లు చెప్పించు. మా నాన్నగారి చేత ఫ్రిజ్ మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించి అంటించాను, అడ్రస్‌తో సహా.

క్లాస్ విషయానికి వస్తే, రైట్ టు బి వాళ్లది ఆన్‌లైన్‌లో ఫ్రీగా గంటలో అయిపోయేది ఉంటుంది, ఇంగ్లీషులో. తెలుగులో కావాలంటే ఒక పదిమందిని పోగెయ్యి, శనివారం సాయంత్రం అయితే నేను వచ్చి చేస్తా, డబ్బేం అక్కర్లేదు, కుర్చీలు మాత్రం కావాలి. మీ రూమ్మేట్లని కూడా లాక్కురా, అరిచేవాడి వేషం వాళ్లకే ఇద్దాం.